చిన్ననాటి కష్టం, జీవిత ధ్యేయం

"అల్లాహ్ నాకే ఎందుకిలా చేశాడు?" తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు ఈ ప్రశ్నను పైకి అడగకపోయినా లోలోపల అడుగుతూనే ఉంటాడు. బందరు రోడ్డు వెంట కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాకా ఏ ఊళ్ళో చూసినా మనకు ఇలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. ఒక ఇంటి యజమాని రోడ్డు ప్రమాదంలో పోయి ఉంటాడు. మరో ఇంట్లో అప్పుల బాధకు బడి మాన్పించి మెకానిక్ షెడ్డులో పెట్టిన కుర్రాడు ఉంటాడు. ఇంకో ఇంట్లో పదహారేళ్ళకే నికాహ్ చేసి పంపిన ఆడపిల్ల చంకన బిడ్డతో పుట్టింటికి తిరిగి వచ్చి ఉంటుంది. వీళ్ళకు మనం చెప్పే మాట సాధారణంగా ఒక్కటే: "సబర్ చెయ్యి, అంతా తఖ్దీర్." ఆ మాటలో తప్పు లేదు. కాని అక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్లు. మిగతా సగం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) బాల్యాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆయన పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ మరణించారు. ఆరేళ్ళ వయసులో, మదీనా నుంచి తిరిగి వస్తుండగా అబ్వా అనే చోట తల్లి ఆమినా కన్నుమూశారు. ఎనిమిదేళ్ళప్పుడు, అక్కున చేర్చుకున్న తాత అబ్దుల్ ముత్తలిబ్ కూడా పోయారు. పెంచిన పినతండ్రి అబూ తాలిబ్‌ది పెద్ద సంసారం, చిన్న సంపాదన. ఆ వయసులో ఆయన కొద్దిపాటి కూలికి మక్కావాసుల గొర్రెలు కాశారు.

ఇక 93వ సూరా అద్దుహా చూడండి. పదకొండు ఆయతుల చిన్న సూరా. మన పిల్లలు మక్తబ్‌లో మొదట్లోనే కంఠస్థం చేసేది. కొంతకాలం వహీ ఆగిపోగా, ప్రభువు ఆయనను వదిలేశాడని విరోధులు ఎగతాళి చేస్తున్న రోజుల్లో అది అవతరించింది. అందులో అల్లాహ్ తన ప్రవక్తకు మూడు సంగతులు గుర్తు చేశాడు: అనాథగా ఉన్నప్పుడు ఆశ్రయం ఇచ్చిన సంగతి, దారి తెలియనప్పుడు దారి చూపిన సంగతి, లేమిలో ఉన్నప్పుడు కలిమి ఇచ్చిన సంగతి. వెంటనే మూడు ఆదేశాలు వచ్చాయి. అనాథ పట్ల కాఠిన్యం కూడదు, అర్థించే వాణ్ణి కసరకూడదు, ప్రభువు చేసిన మేలును చాటాలి.

అనాథత్వం ఎందుకు వచ్చిందో ఆ సూరా వివరించలేదు. దాన్ని అనుభవించిన వ్యక్తి ఇప్పుడు ఎవరి పట్ల ఎలా ఉండాలో మాత్రం స్పష్టంగా చెప్పింది. "ఎందుకు" అనే ప్రశ్న దగ్గరే ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషిని లేపి "ఎవరి కోసం" అనే ప్రశ్న ముందు నిలబెట్టింది. అనాథను సాకేవాడు స్వర్గంలో తన పక్కన రెండు వేళ్ళంత దగ్గరగా ఉంటాడని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు మనందరికీ తెలిసిందే. అది చెప్పిన నోరు ఒక అనాథది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కష్టం దానంతటదే ఎవరినీ మంచివాణ్ణి చేయదు. దెబ్బలు తిని పెరిగిన తండ్రి తన కొడుకును అలాగే కొట్టడం మనం చూడనిది కాదు. అత్త చేతిలో నలిగిన కోడలు తాను అత్త అయ్యాక ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. అలాగే, ఏడుస్తున్న పిల్లవాడి ముందు కూర్చుని "ఇదంతా నీ మంచికే" అని ఉపన్యసించడం మాకు సమ్మతం కాదు. కుమారుడు ఇబ్రాహీమ్ చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ముందు ఆ పిల్లవాణ్ణి ఏడవనివ్వాలి, వాడికి అన్నం పెట్టాలి. ధ్యేయం సంగతి తర్వాత.

హజ్రత్ యూసుఫ్ (అ) చిన్నతనంలో బావిలో పడవేయబడ్డారు, సరుకులా అమ్ముడుపోయారు, నిర్దోషిగా చెరసాల అనుభవించారు. అధికారం అందినప్పుడు ఆయన కోరుకున్నది ధాన్యాగారాల బాధ్యత. కరవులో ఆకలితో వచ్చిన వారిలో తనను బావిలో వేసిన అన్నలూ ఉన్నారు. వారికీ కొలత తగ్గించలేదు.

మన తెలుగు నేల మీదే ఒక సందర్భం చూద్దాం. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్. 1878లో రాంపూర్‌లో పుట్టిన ఆయన ఊహ తెలియకముందే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి ఆబాదీ బానో బేగం, మనం బీ అమ్మా అని పిలుచుకునే ఆ మహాతల్లి, పడుచు వయసులోనే వితంతువై పిల్లలను ఒంటరిగా పెంచారు. ఇంగ్లీషు చదువుకు బంధువులు డబ్బివ్వనంటే తన నగలు తాకట్టు పెట్టి కొడుకులను బడికి పంపారు. ఆ కొడుకు ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్ళారు. 1920లో జామియా మిల్లియా ఇస్లామియా స్థాపకుల్లో ఒకరయ్యారు. ఇతరుల పిల్లల చదువు కోసం ఒక విద్యాసంస్థను నిలబెట్టడంలో ఆ తాకట్టు నగల జ్ఞాపకం లేదని మనం అనగలమా?

అదే మహాసభ సందర్భంగా పెట్టిన ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీరు ఒకరు నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేశారు. ఆమె దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్ళనని ఆమె తేల్చి చెప్పారు. ఆ బాధ ఆమె చూపును ఎటు తిప్పిందో గమనించండి. 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు, ఆయన దేవదాసీలతోనూ బురఖా చాటున ఉన్న మన స్త్రీలతోనూ మాట్లాడాలని పన్నెండేళ్ళ ఆ పిల్ల పట్టుబట్టి, నిర్వాహకులు అడిగిన ఐదు వేల రూపాయలు పోగుచేసింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, అక్కడ చదువురాని ఆడ ఖైదీల దుస్థితి చూశారు. బయటికొచ్చి ముందు తాను చదువుకున్నారు, 1942లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. అంతకుముందే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్షలకు తర్ఫీదు ఇవ్వడం ఆమె పట్టుదలగా చేసిన పని. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక ఆ పనినే దేశమంతటికీ విస్తరింపజేశారు. ఆమె మన ధర్మానికి చెందిన వారు కాకపోవచ్చు. చిన్న వయసులో తనకు అందనిదాన్ని ఇతరులకు అందించాలన్న ఆ తీరు మాత్రం అద్దుహా సూరా చదివే మనకు పరిచితమైనదే.

కాబట్టి పాత గాయంతో పెద్దయిన సోదర సోదరీమణులను మేము ఒకటే అడుగుతున్నాం: ఆనాడు మీకు ఏది దొరకలేదు? ఫీజు కట్టే చెయ్యా? "పరవాలేదు బేటా" అనే మాటా? పుట్టింట్లో ఒక మూల చోటా? దొరకనిది ఏదో మీకు బాగా తెలుసు. అది ఎవరికి కావాలో కూడా మీ మొహల్లాలో మీకంటే ముందు గుర్తించేవారు ఉండరు. పెద్ద సంస్థ అక్కర లేదు. షెడ్డులో పనిచేసి పైకొచ్చిన ఉస్తాద్ తన దగ్గర చేరిన కుర్రాణ్ణి ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షకు కట్టించి, పరీక్ష రోజుల్లో సెలవిస్తే చాలు.

తండ్రి ప్రమాదంలో పోయిన ఇళ్ళలో మరో సంగతి. నష్టపరిహారంలో మైనరు పిల్లల వాటాను వారికి యుక్తవయసు వచ్చేదాకా బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేయమని ట్రిబ్యునళ్ళు సాధారణంగా ఆదేశిస్తాయి. చాచాలు, మామూలు దాన్ని ముందే విడిపించి ఇంటి ఖర్చుల్లో కలిపేసుకోకూడదు. సూరా అన్నిసా అనాథల ఆస్తిని వారికి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమంటోంది. అందుచేత ఇవాళే ఒక నోటు పుస్తకం తీసి, వచ్చినది, ఖర్చయినది తేదీలతో రాసి, పిల్లవాడి తల్లి చేత, మసీదు పెద్దలిద్దరి చేత సంతకాలు చేయించండి.