అనంతస్పర్శరేఖలు – అవధుల సాక్ష్యము

వక్రముపై బిందువు అనంతదూరమునకు సాగుచుండగా, ఒక సరళరేఖ నుండి దాని దూరము సున్నను సమీపించినచో ఆ రేఖను అనంతస్పర్శరేఖ యందురు. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో జన్మించిన గ్రీకు గణితవేత్త అపొలోనియస్ అతిపరావలయమునకు గల ఇట్టి రేఖలను తన శంకుచ్ఛేద గ్రంథమున చర్చించెను. ఆ గ్రంథములోని 5, 6, 7 భాగములు అరబ్బీ అనువాదము మూలముననే మనకు దక్కినవి. ఈ రేఖకు గల గ్రీకు నామమునకు ‘కలిసికొననిది’ అని యర్థము. అతిపరావలయమునకు ఆ పేరు తగినదే. కాని అన్ని ప్రమేయములకు అది వర్తింపదు.

విద్యార్థులు ఇచట రెండు పొరపాట్లు చేయుచుందురు. హారము సున్నయైన ప్రతిచోట నిలువు అనంతస్పర్శరేఖ కలదనుట మొదటిది. వక్రము అనంతస్పర్శరేఖను ఎన్నడును తాకదనుట రెండవది. ఈ రెండింటిని సరిదిద్దునది అవధియే.

ఈ ప్రమేయమును పరిశీలింతము:

ఎఫ్(ఎక్స్) = (ఎక్స్² − 4) / (ఎక్స్² − 5ఎక్స్ + 6)

లవము (ఎక్స్ − 2)(ఎక్స్ + 2). హారము (ఎక్స్ − 2)(ఎక్స్ − 3). హారము 2, 3 విలువల వద్ద సున్న యగును. ఎక్స్ 2ను సమీపించునపుడు ఉమ్మడి కారణాంకమును కొట్టివేయగా (ఎక్స్ + 2)/(ఎక్స్ − 3) మిగులును. దాని అవధి −4. అవధి పరిమితమగుటచే అచట నిలువు రేఖ లేదు. వక్రమున (2, −4) అను ఒక్క బిందువు మాత్రము లోపించును. ఎక్స్ 3ను కుడినుండి సమీపించినచో విలువ ధన అనంతమునకు, ఎడమనుండి సమీపించినచో ఋణ అనంతమునకు పోవును. కావున ఎక్స్ = 3 నిలువు అనంతస్పర్శరేఖ.

ఇక క్షితిజసమాంతర రేఖ. లవహారములను ఎక్స్²చే భాగింపగా

(1 − 4/ఎక్స్²) / (1 − 5/ఎక్స్ + 6/ఎక్స్²)

అగును. ఎక్స్ ధన, ఋణ అనంతములలో దేనికి పోయినను దీని అవధి 1. కావున వై = 1 ఆ రేఖ.

రెండవ పొరపాటునకు సమాధానముగ జి(ఎక్స్) = ఎక్స్/(ఎక్స్² + 1) చూడుడు. వాస్తవసంఖ్యలలో దీని హారము ఎన్నడును సున్న కాదు. నిలువు రేఖ లేదు. అనంతమువద్ద అవధి 0 గనుక వై = 0 అనంతస్పర్శరేఖ. అయినను వక్రము మూలబిందువువద్ద ఆ రేఖను ఖండించి, క్రిందినుండి పైకి పోవుచున్నది! క్షితిజసమాంతర రేఖ దూరమున జరుగు దానినే తెలుపును. నడుమ వక్రము దానిని దాటుటకు అభ్యంతరము లేదు.

కావున విద్యార్థులారా, మొదట కారణాంకములను చూడుడు. పిదప కుడి, ఎడమ అవధులను గణింపుడు. రెండు అనంతములను వేరువేరుగ పరీక్షింపుడు. ఎక్స్/√(ఎక్స్² + 1) అను ప్రమేయమునకు ఒకవైపు 1, రెండవవైపు −1 అవధులు గదా! హారము సున్న యగుట అనుమానమునకు తావిచ్చును. తీర్పు చెప్పునది అవధి.