సెలవులలో ఇల్లు

వేసవి సెలవులు రాగానే వసతిగృహములలోని విద్యార్థులు పెట్టెలు సర్దుకొని ఇండ్లకు పోవుదురు. ఇంటిలో తల్లి వారి రాకకై ఎదురుచూచుచుండును. పోవుటకు ఇల్లే లేని విద్యార్థి ఆనాడు ఎక్కడకు పోవలెను? ఇంగ్లండు దేశమువారు ఈ ప్రశ్నకు శాసనరూపమున సమాధానము చెప్పిరి.

తల్లిదండ్రులు లేని పిల్లలును, ఉన్నను వారియొద్ద క్షేమముగా పెరుగజాలని పిల్లలును ప్రతి దేశమునందును ఉందురు. ఇంగ్లండులో అట్టి పిల్లల భారమును స్థానిక ప్రభుత్వము వహించును. వారిలో పెక్కుమందిని పెంపుడు కుటుంబములకు అప్పగించి, పోషణకై ధనమిచ్చును. ఇది దత్తత కాదు. పిల్లవానికి ఆ యింటి పేరు రాదు. ఆస్తిలో పాలును రాదు. పూర్వము 18 ఏండ్లు నిండగానే సాధారణముగా ఆ ఆశ్రయము తీరిపోయెడిది. తోడివారు కళాశాలలో చేరు వయస్సున వీరు కూటికిని, నీడకును వెదకుకొనవలసి వచ్చెడిది. తెలివి లేక కాదు, నిలువ నీడ లేక ఎందరి చదువులో ఆగిపోయెను.

2000 సంవత్సరమున వెలువడిన శాసనము ఈ కొఱతను తీర్చ యత్నించెను. సంరక్షణను విడిచిన ప్రతి యువకునికిని, యువతికిని ఒక సలహాదారు ఉండవలెను. ఉన్నతవిద్య అభ్యసించువారికి సెలవులలో వసతిగృహము మూసివేసినచో, స్థానిక ప్రభుత్వము నివాసము చూపవలెను. లేదా అందులకు చాలిన ధనమీయవలెను. 2008 నాటి శాసనముననుసరించి, ఉన్నతవిద్యలో చేరినవారికి 2,000 పౌన్ల సహాయము ఏర్పడెను. 2014 నాటి శాసనమువలన, ఉభయులకును సమ్మతమైనచో, 21 ఏండ్లు వచ్చువరకు ఆ పెంపుడింటనే ఉండవచ్చును.

అయినను ఇల్లన గోడలును, కప్పును మాత్రమే కాదు. ఈ సత్యమును లెమ్ సిస్సే అను కవి బాగుగా ఎఱుగును. ఆయన 1967లో ఇంగ్లండులో జన్మించెను. తల్లి ఇథియోపియానుండి చదువుకై వచ్చిన యువతి. శిశువుగా ఉన్నప్పుడే ఆయన పెంపుడు కుటుంబమును చేరెను. పండ్రెండవ యేట వారు ఆ బాలుని తిరిగి అప్పగించివేసిరి. పిమ్మట బాల్యమంతయు ఆశ్రమములలో గడచెను. ఆయన పట్టుదలతో కవియై కీర్తి గడించి, 2015లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరుగా ఎన్నికై, 2022 వరకు ఆ పదవిని అలంకరించెను. తాను పడిన ఒంటరితనమును ఆయన మఱవలేదు. తనవలె పెరిగిన యువజనులు పండుగనాడు ఏకాకులై ఉండరాదని, 2013లో మాంచెస్టరు నగరమున వారికై క్రిస్మస్ విందు ఏర్పాటు చేయించెను.

మన దేశమందును 2015 నాటి బాలల న్యాయచట్టము, సంరక్షణ గృహములను విడిచిన యువజనులకు 21 ఏండ్లవరకు తోడ్పాటునకు వీలు కల్పించినది. చట్టము ధనమీయగలదు, గది చూపగలదు. "పండుగకు మా యింటికి రమ్ము" అని పిలువవలసినది మాత్రము తోడి విద్యార్థియే. అట్టి మిత్రుడు మీ తరగతిలో ఉన్నచో ఆ పిలుపు మీనోట వెలువడునుగాక!