లినక్సు కంప్యూటరుపై ప్లాను గీయు విధము

ఏ కట్టడమైనను మొదట కాగితముపై నిలిచి, పిమ్మట నేలపై నిలుచును. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాదుగారు నాగార్జునసాగర నిర్మాణమునకై పాటుపడిన సంగతి మన బాలబాలికలు వినియే యున్నారు. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన దానికి శంకుస్థాపన జరిగిన నాడు ఇంజనీర్లు చేతితో గీసిన ప్లానులు నేడు కంప్యూటరుపై గీయబడుచున్నవి.

ఈ పనికి మిక్కిలి పేరొందినది 1982లో వెలువడిన ఆటోక్యాడ్. విద్యార్థులకు దానిని ఉచితముగా నిచ్చు ఏర్పాటు కలదుగాని, చదువు ముగిసిన పిమ్మట ఆ సౌకర్య ముండదు. అదిగాక లినక్సు కంప్యూటరుపై నడుచునట్లు అది తయారు చేయబడలేదు. కొందరు దొంగప్రతులను వాడుదురు. పరుల కష్టఫలమును వెల యియ్యక తీసికొనుట దొంగతనమే గాన, అట్టి ప్రతితో నేర్చిన విద్య మనకు శోభ నియ్యదు.

అయినచో బీదబిడ్డకు మార్గమేది? మార్గము కలదు. చదునైన ప్లానులు గీయుటకు లిబ్రెక్యాడ్, పొడవు వెడల్పు ఎత్తులు గల ఆకారములకు ఫ్రీక్యాడ్ ఉన్నవి. రెండును ఉచితములు, ప్రతులు తీసి తోటివారికి పంచుటకును అనుమతి కలదు. ఫ్రీక్యాడ్ 1.0 కూర్పు 2024లో వెలువడినది. అందు ఒక కొలతను మార్చినచో, దానిపై నాధారపడిన భాగములు తామే మారును.

సాధనము పనికివచ్చునో లేదో పేరునుబట్టి గాక పరీక్షించి తెలిసికొనవలెను. విద్యార్థులారా, ఈ అభ్యాసమును చేయుడు. లిబ్రెక్యాడునందు మొదట కొలమానమును మిల్లీమీటర్లుగా నిర్ణయింపుడు. గోడలకొక పొర, కొలతలకొక పొర యేర్పరుపుడు. 6000 పొడవు, 4500 వెడల్పు గల గదిని గీయుడు. గోడ మందము 230 గాన, వెలుపలి కొలతలు 6460, 4960 అగును. ఇప్పుడు గదిలోపల ఒక మూలనుండి యెదుటి మూలకు కొలువుడు. 7500 వచ్చినచో మూలలు సరిగా నున్నవి. తాపీమేస్త్రీలు 3, 4, 5 కొలతలతో మూలమట్టము చూచుట యీ లెక్కనుబట్టియే.

పిమ్మట ఆ ప్లానును డి.ఎక్స్.ఎఫ్. రూపమున భద్రపరచి, మఱియొక కంప్యూటరుపై ఫ్రీక్యాడునందు తెరచి మరల కొలువుడు. అచ్చటను 7500 మిల్లీమీటర్లే రావలెను. మిల్లీమీటర్లు అంగుళములుగా నెంచబడినచో గది 25 రెట్లకు మించి పెరిగిపోవును!

ఒక చిక్కు లేకపోలేదు. ఆటోక్యాడ్ వాడువారు తఱచుగా డి.డబ్ల్యు.జి. రూపమును కోరుదురు; లిబ్రెక్యాడ్ ఆ రూపమున భద్రపరుపజాలదు. డి.ఎక్స్.ఎఫ్. ఆటోక్యాడునందును తెరచుకొనును గాన, పని చేపట్టకముందే ఏ రూపము కావలెనో అడిగి తెలిసికొనుట మేలు.

గోపురము కట్టబూనినవాడు ముందుగా వ్యయమును లెక్కించుకొనవలెనని మన ప్రభువు ఉపమానముగా బోధించెను. సాధనమును ఎన్నుకొనువారికిని ఆ బుద్ధియే కావలెను. చేతిలోనున్న కంప్యూటరుతో, నిర్మలమైన మనస్సాక్షితో నేడే ఒక గదిని గీయనారంభింపుడు.