ప్రాథమిక సహకార సంఘాల కంప్యూటరీకరణలో పాత్రల వారీ అనుమతులు: నెల్లూరు తీరప్రాంత సంఘాలకు అనువైన విధానం

ఉపోద్ఘాతం

దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను రూ. 2,516 కోట్ల వ్యయంతో కంప్యూటరీకరించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదం తెలిపింది. నాబార్డు ద్వారా అమలవుతున్న ఈ పథకంలో సభ్యత్వం, రుణాలు, డిపాజిట్లు, ఎరువుల విక్రయం, గోదాము నిల్వలు, పద్దులు అన్నీ ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ పరిధిలోకి వస్తాయి. పెన్నా డెల్టాలో వరి, తీరం వెంబడి రొయ్యల సాగు ప్రధానమైన నెల్లూరు జిల్లాలో ఈ మార్పునకు విశేష ప్రాధాన్యం ఉంది.

పుస్తకాల కాలంలో పని విభజన దానంతట అదే జరిగేది. నగదు పుస్తకం ఒకరి బల్లపై, నిల్వల రిజిస్టరు గోదాములో మరొకరి వద్ద ఉండేవి. చేతిరాతను బట్టి పద్దు ఎవరు రాశారో తెలిసేది. కంప్యూటరులో చేతిరాత ఉండదు. ఎవరు ఏమి చేయవచ్చునో ముందుగా నిర్ణయించని పక్షంలో, తెర ముందు కూర్చున్న ప్రతి వ్యక్తికీ అన్ని పుస్తకాలూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఈ లోపాన్ని సరిదిద్దేదే పాత్రల వారీ అనుమతుల విధానం.

రైతుకు కలిగే నష్టం

సక్రమంగా చెల్లించిన స్వల్పకాలిక పంట రుణంపై 7 శాతం వడ్డీలో 3 శాతం రాయితీ లభించి, రైతుపై నికర భారం 4 శాతానికి తగ్గుతుంది. ఒక రైతు గడువులోగా లక్ష రూపాయల బాకీ చెల్లించి రసీదు పొందాడని, అయితే ఆ జమ కంప్యూటరులో గడువు దాటిన తేదీతో నమోదైందని భావించవచ్చు. ఏడాది కాలానికి అతడు కోల్పోయే రాయితీ రూ. 3,000. ఆ సంఘంలో ముగ్గురు ఉద్యోగులు ఒకే యూజర్ ఐడీని వాడుతుంటే, నమోదు ఎవరు చేశారో రికార్డు చెప్పలేదు. తప్పు చేసిన వ్యక్తి మరుగున పడటమే కాక, తప్పు చేయని ఉద్యోగికి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకొనే ఆధారం ఉండదు. కనుక ప్రత్యేక యూజర్ ఐడీ ఉద్యోగిపై అనుమానానికి గుర్తు కాదు; అది అతనికి రక్షణ.

రొయ్యల రైతుల ఉత్పత్తిదారుల సంస్థలలోనూ ఇదే సమస్య ఎదురవుతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో తెలిపే కౌంటును బట్టి ధర నిర్ణయమవుతుంది. 40 కౌంటు సరుకును 50గా నమోదు చేస్తే రైతుకు దక్కే ధర తగ్గుతుంది. తూకం, కౌంటు నమోదు చేసే వ్యక్తే ధరను, చెల్లింపును కూడా ఖరారు చేయగలిగితే పొరపాటును పట్టుకొనే రెండవ కన్ను లేనట్లే.

భావన, మూల సూత్రాలు

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థకు చెందిన డేవిడ్ ఫెరాయొలో, రిచర్డ్ కున్ 1992లో ఈ విధానాన్ని ఒక సాధారణ నమూనాగా ప్రతిపాదించారు. రవి సంధు, ఆయన సహచరులు 1996లో దానిని విస్తరించారు. 2004లో అది అమెరికా జాతీయ ప్రమాణంగా రూపొందింది.

ఇందులోని మూల భావన సరళమైనది. అనుమతి వ్యక్తికి కాక పాత్రకు చెందుతుంది. వ్యక్తికి పాత్రను అప్పగిస్తారు. గుమాస్తా బదిలీ అయినప్పుడు అతనికి గల ఇరవై అనుమతులను ఒక్కొక్కటిగా తొలగించనక్కరలేదు. పాత్రను తొలగిస్తే చాలు. కొత్తగా వచ్చిన వ్యక్తికి అదే పాత్రను ఇస్తే పని ఆగదు.

దీనికి రెండు సూత్రాలు తోడవుతాయి. మొదటిది కనీస అనుమతి: పనికి అవసరమైనంత మేరకే ప్రవేశం కల్పించాలి. రెండవది విధుల విభజన: లావాదేవీని ప్రారంభించిన వ్యక్తి దానిని ఆమోదించరాదు.

పాత్రల నిర్ణయం

సంఘం స్థాయిలో ఈ క్రింది పాత్రలు సాధారణంగా సరిపోతాయి.

1. నగదు గుమాస్తా: వసూళ్లు, చెల్లింపులు నమోదు చేయవచ్చు. దినసరి లెక్క ముగిసిన తరువాత పద్దును మార్చరాదు, తొలగించరాదు.
2. రుణ గుమాస్తా: దరఖాస్తును సిద్ధం చేయవచ్చు. మంజూరు చేయరాదు.
3. గోదాము గుమాస్తా: ఎరువుల రాక, పోకలను నమోదు చేయవచ్చు. సభ్యుల రుణ ఖాతాలు ఇతనికి కనిపించనవసరం లేదు.
4. కార్యదర్శి: తన పరిమితికి లోబడి ఆమోదం తెలపవచ్చు. తాను నమోదు చేసిన పద్దును తానే ఆమోదించరాదు.
5. ఆడిటరు: అన్నింటినీ చూడవచ్చు. దేనినీ మార్చరాదు.
6. సాఫ్ట్‌వేర్ నిర్వాహకుడు: యూజర్ ఐడీలు, పాత్రలు కేటాయించవచ్చు. నగదు లావాదేవీలలో ప్రవేశం ఉండరాదు.

సభ్యుల ఆధార్, ఫోను, భూమి వివరాలకు కూడా కనీస అనుమతి సూత్రమే వర్తించాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో ప్రత్యేక చట్టం వచ్చిన నేపథ్యంలో ఇది మరింత ముఖ్యం.

సిబ్బంది తక్కువగా ఉన్న చోట

ఇద్దరు ముగ్గురు ఉద్యోగులే ఉన్న సంఘంలో ఆరు పాత్రలకు ఆరుగురు లభించరు. ఈ కారణంగానే పాత్రల విభజన సాధ్యం కాదని అనేకులు భావిస్తారు. ఇది అపోహ. విధుల విభజన రెండు విధాలు. స్థిర విభజనలో రెండు విరుద్ధ పాత్రలు ఒకే వ్యక్తికి ఎన్నడూ ఇవ్వరు. చర విభజనలో రెండు పాత్రలూ ఇవ్వవచ్చు. అయితే ఒకే లావాదేవీలో రెండింటినీ నిర్వహించనివ్వరు. చిన్న సంఘానికి రెండవ పద్ధతి అనుకూలం. గుమాస్తా నమోదును కార్యదర్శి, కార్యదర్శి నమోదును మరొక ఉద్యోగి పరిశీలిస్తారు. పెద్ద మొత్తాలకు సంఘం వెలుపలి పర్యవేక్షణాధికారి ఆమోదాన్ని తప్పనిసరి చేయవచ్చు.

తుఫాను రోజుల ఏర్పాటు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు తీరానికి తుఫానుల ముప్పు ఉంటుంది. వరి నాట్లు, ఎరువుల అవసరం ముమ్మరమయ్యేదీ ఈశాన్య రుతుపవనాల కాలంలోనే. దారులు మునిగి కార్యదర్శి రాలేని రోజున ఫోనులో పాస్‌వర్డ్ చెప్పడం సులువైన మార్గంగా తోస్తుంది. ఒకసారి చెప్పిన పాస్‌వర్డ్ ఆ తరువాత రహస్యంగా మిగలదు. అందుకు బదులుగా తాత్కాలిక బాధ్యుని పేరును పాలకవర్గం ముందుగానే తీర్మానించి, అవసరమైన రోజులకు మాత్రమే పాత్రను బదలాయించాలి. గడువు తీరగానే అది రద్దు కావాలి.

అమలు క్రమం

మొదట సంఘంలో జరిగే పనులన్నింటినీ కాగితంపై రాయాలి. వాటిలో ఒకే వ్యక్తి చేయరాని జంటలను గుర్తించాలి. పాత్రల జాబితాను పాలకవర్గం తీర్మానించి మినిట్స్ పుస్తకంలో నమోదు చేయాలి. ప్రతి ఉద్యోగికి ప్రత్యేక యూజర్ ఐడీ ఇవ్వాలి. ఆ తరువాత పరీక్ష జరపాలి. ఈ పరీక్షలో జరగవలసినవి జరుగుతున్నాయా అని చూడటంతో పాటు జరగకూడనివి ఆగుతున్నాయా అని చూడటం అత్యవసరం. ఉదాహరణకు గోదాము గుమాస్తా ఐడీతో రుణ ఖాతా తెరవడానికి ప్రయత్నించాలి. అది తెరుచుకుంటే అమరికలో లోపం ఉన్నట్లే. బదిలీ, పదవీ విరమణ రోజునే పాత్రలను తొలగించాలి. మూడు నెలలకొకసారి జాబితాను సమీక్షించాలి.

కంపెనీలుగా నమోదైన రైతు ఉత్పత్తిదారుల సంస్థలు మరొక నిబంధనను గమనించాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే పద్దుల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి; ఆ నమోదును నిలిపివేసే వీలు ఉండరాదు. అందరూ ఒకే ఐడీ వాడితే ఈ చిట్టా ఉన్నా ప్రయోజనం నెరవేరదు.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్తలు సంఘాల సిబ్బందికి శిక్షణ ఇచ్చేటప్పుడు మీటల వాడకంతో పాటు పాత్రల పట్టిక తయారీని కూడా పాఠ్యాంశంగా చేర్చవలసి ఉంది. విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా ఒక సంఘపు పనుల జాబితాను, విరుద్ధ విధుల జంటలను రూపొందిస్తే అది ఆ సంఘానికి నేరుగా ఉపకరిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎంత సమర్థమైనదైనా, ఏ పని ఎవరిదో నిర్ణయించవలసినది సంఘమే. ఆ నిర్ణయం స్పష్టంగా ఉన్నప్పుడే రైతు చేతిలోని రసీదుకు, కంప్యూటరులోని పద్దుకు తేడా రాదు. వచ్చినా దాని కారణం అదే రోజున తెలుస్తుంది.