కణపు పొరకు గట్లు

నర్సాపురములో నాట్ల దినములందు పిల్లలు కొందరు వరిమళ్ల గట్లమీదుగా నడచి పాఠశాలకు వత్తురు. (మన ప్రాంతమున వీనిని ఒడ్డులందురు.) మడిలోని నీరు ఆ మడిలో ఎటైనను కదలును గాని, గట్టు దాటి ప్రక్క మడిలోనికి పోజాలదు. ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొందురుగాక.

మన దేహమందలి ప్రతి కణమునకును ఒక పొర కలదు. మేము తరగతిలో చాలకాలము దానిని గుడ్డసంచితో పోల్చి చెప్పితిమి. ఆ పోలిక సరికాదని ఒప్పుకొనుచున్నాము. గుడ్డలోని నూలుపోగు తన చోటు విడువదు. కణపు పొరలోని కొవ్వు అణువులో, ఎడతెగక ప్రక్కలకు జారుచుండును. వీని తల నీటిని కోరును, తోకలు నీటిని రోయును. కావున తోకలు లోపలికి, తలలు వెలుపలికి ఉండునట్లు రెండు వరుసలుగా నిలుచును. కోడిగ్రుడ్డు పచ్చసొనలోని లెసితిన్ ఈ జాతిదే. పొర మందము సుమారు 5 నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో 100 కోట్లవ వంతు.

ఇంత పలుచదనము నమ్మశక్యమా యని అడుగు వారికొక లెక్క. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండను చెంత క్లాఫాము చెరువులో చెంచాడు నూనె పోయగా, అది సుమారు అర ఎకరము ప్రాకి అలల నణచెను. ఈ వృత్తాంతము 1774లో అచ్చయినది. చెంచాను 5 ఘన సెంటీమీటర్లు, అర ఎకరమును 2000 చదరపు మీటర్లు అనుకొని భాగించి చూడుడు: 2.5 నానోమీటర్లు వచ్చును. ఫ్రాంక్లిన్ ఈ భాగహారము చేయలేదు. మన 9వ తరగతివారు చేయగలరు.

ఈ పొర వట్టి గోడ కాదు. హైదరాబాదులో 1977లో స్థాపింపబడిన సి.సి.ఎం.బి.లో అమితాభ చటోపాధ్యాయ మొదలగువారు, పొరలోని కొలెస్టరాలు తగ్గించినచో అందున్న సెరోటోనిన్ గ్రాహకము పని కుంటుపడునని చూపిరి. అయితే గ్రాహకమున్న చోటు మారినను పని మారునా? జారిపోవుదానిని ఒకచోట నిలిపిననే గాని ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకదు.

అందులకు పొరను మొదట గాజుపై పరుతురు. శుభ్రముగా కడిగిన పలకను నీటిలోనుంచి కొవ్వు బుడగలను వదలగా, అవి పలకనంటి, పగిలి, ఒకటిగా కలిసి పరచుకొనును. గాజునకు పొరకు నడుమ పలుచని నీరు మిగులును గనుక అణువులు కదలుచునే యుండును. పలకపై మురికి యున్నచో పని చెడును. 1997లో అమెరికాలో గ్రోవ్స్, ఉల్మన్, బాక్సర్ అనువారు పలకపై ముందుగా వెండ్రుకకన్న సన్నని గీతలు, బంగారము మొదలగు పదార్థములతో తీర్చిరి. పొర మడులుగా విడిపోయెను. విద్యుత్తు ప్రయోగింపగా, ఆవేశముగల అణువులు ప్రతి మడిలోను ఒక గట్టు చెంతకు పోగుపడెనే గాని దాటలేదు.

రోగములనుండి మనలను కాచు టి కణము, శత్రుచిహ్నమును పట్టినప్పుడు తన గ్రాహకములను స్పర్శస్థలము నడుమకు చేర్చుకొనును. ఇది సంకేతమును హెచ్చించుటకా, అణచుటకా? 2005లో గ్రోవ్స్, డస్టిన్ మొదలగువారు క్రోమియపు గట్లుగల పొరపై టి కణముల నుంచిరి. పొరలోని చిహ్నములు గట్టు దాటలేదు. వానిని పట్టిన గ్రాహకములును అంచుననే ఆగిపోయెను. అట్లు ఆగిన గ్రాహకములు ఎక్కువసేపు సంకేతమిచ్చెను. నడుమకు చేరుట సంకేతమును ముగించుటకే యను అభిప్రాయమునకు ఇది బలమిచ్చెను.