జ్వరం తగ్గినా మాత్ర మానొద్దు

"జ్వరం తగ్గిందిగా! ఇంకా ఈ మాత్రలు దేనికి?"

ఈ మాట మన ఇళ్లల్లో తరచూ వినిపిస్తుంది. మిగిలిన మాత్రలు గూట్లో దాస్తాం. రేపు పిల్లాడికి జ్వరమొస్తే పనికొస్తాయి అనుకుంటాం. మలేరియా మాత్రల విషయంలో ఇది చాలా ప్రమాదం. ఎందుకో తెలియాలంటే టూ యూయూ అనే శాస్త్రవేత్త కథ చదవాలి. ఆమెది చైనా దేశం. 1930లో పుట్టింది.

మందుకు లొంగని జ్వరం

మలేరియానే మనం చలిజ్వరం అంటాం. దీనికి కారణం కంటికి కనబడని ఒక క్రిమి. అది మన రక్తంలో పెరుగుతుంది. ఆడ దోమ దాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి చేరుస్తుంది. దోమ కడుపులో ఈ క్రిమిని రొనాల్డ్ రాస్ అనే డాక్టరు 1897లో మన సికింద్రాబాదులోనే చూశాడు.

ఒకప్పుడు క్లోరోక్విన్ మాత్రలతో మలేరియా తగ్గిపోయేది. కాని 1950ల చివరిలో థాయిలాండ్, కంబోడియా సరిహద్దులో ఒక రకం మలేరియాకు ఆ మందు పనిచెయ్యడం మానేసింది. మన దేశంలో ఈ సంగతి 1973లో అస్సాంలో బయటపడింది.

మందు ఎందుకు పనిచెయ్యదు? పత్తి చేను సంగతి మీకు తెలిసిందే. ఒకే మందు పదేపదే కొడితే పురుగు మొండికేస్తుంది. బలహీనమైన పురుగులు చస్తాయి. మందుకు తట్టుకున్నవి మిగులుతాయి. అవే పిల్లల్ని పెడతాయి. చివరికి చేనంతా అవే! మలేరియా క్రిమి కూడా అంతే.

పాత పుస్తకంలో కొత్త దారి

వియత్నాం యుద్ధంలో ఎంతోమంది సైనికులు మలేరియాతో చనిపోయారు. అక్కడ పాత మందు పనిచెయ్యలేదు. కొత్త మందు కోసం 1967లో చైనా వెతుకులాట మొదలుపెట్టింది. 1969లో టూ యూయూకు ఒక బృందం బాధ్యత అప్పజెప్పారు. అప్పటికి ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. పెద్దపాపను బాలబడిలో, చిన్నపాపను తన పుట్టింట్లో వదిలి పనికి వెళ్లింది.

ఆమె పాత వైద్య గ్రంథాలు తిరగేసింది. నాటు వైద్యుల్ని అడిగింది. 2,000 దాకా చిట్కాలు పోగుచేసింది. వాటిలో చింగ్‌హావ్ అనే మొక్క ఉంది. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి అది చుట్టం. ఆ ఆకు మందు ఒకసారి పనిచేసింది, ఇంకోసారి పనిచెయ్యలేదు. లోపం ఎక్కడ?

1,600 ఏళ్లనాటి ఒక పుస్తకంలో దారి దొరికింది. అందులో ఆకును కాచమని లేదు. నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది. కాచితే గుణం పోతోందని ఆమెకు తట్టింది. తక్కువ వేడితో సారం తీసింది. 1971 అక్టోబరులో ఆ సారం ఎలుకల్లో మలేరియా క్రిములన్నింటినీ చంపింది.

మరి మనుషులకు హాని చేస్తుందేమో? 1972లో ముందుగా తానే ఆ మందు మింగి చూసింది. తోటి పనివాళ్లు ఇద్దరు కూడా మింగారు. ఆ తరవాతే రోగులకు ఇచ్చారు. ఆ మందు పేరు ఆర్టెమిసినిన్. అది లక్షల ప్రాణాలు కాపాడింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి చైనా మహిళ ఆమే.

ఒకటి కాదు, రెండు మందులు

ఈ మందుకు కూడా క్రిమి అలవాటు పడితే? అందుకే దీన్ని ఒంటరిగా ఇవ్వకూడదని 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. దీనికి ఇంకో మందు జోడించి ఇస్తారు. ఒకదాన్నుంచి తప్పించుకున్న క్రిమిని రెండోది పట్టుకుంటుంది.

అయినా 2008 నాటికే కంబోడియా పడమటి భాగంలో ఈ మందు నెమ్మదిగా పనిచెయ్యడం కనిపించింది. తరవాత ఆఫ్రికాలో రువాండా, ఉగాండా దేశాల్లోనూ కనిపించింది. అంటే ఈ మందును కాపాడుకోవాల్సిన బాధ్యత మన అందరిదీ.

మనం ఏం చెయ్యాలి?

చలి, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆశా కార్యకర్త దగ్గర, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందు ఉచితం.

మలేరియాలో రకాలున్నాయి. ఒక రకానికి మూడు రోజుల మందు. ఇంకో రకం క్రిమి కాలేయంలో దాక్కుంటుంది. దానికి పద్నాలుగు రోజుల మందు కూడా ఉంటుంది. ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులూ మింగాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. వాళ్లకు కొన్ని మందులు ఇవ్వకూడదు.

ఒకరి మాత్రలు ఇంకొకరికి ఇవ్వొద్దు. మాచిపత్రి కషాయం మలేరియాకు మందు కాదు.

దోమతెర కట్టుకోవాలి. ఇంటి చుట్టూ నీళ్లు నిలవనివ్వకూడదు.

సగంలో మందు మానేస్తే రక్తంలో మొండి క్రిములు మిగులుతాయి. దోమ వాటిని పక్కింటి పాపకు చేరుస్తుంది. ఆ పాపకు మందు పనిచెయ్యకపోతే ఎవరిది తప్పు?

చదివి చెప్పండి

1. టూ యూయూ ఆకును ఎందుకు కాచలేదు?
2. రెండు మందులు కలిపి ఎందుకు ఇస్తారు?
3. మీ ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు ఉన్నాయా? ఎందుకు మిగిలాయి? అందరూ కలిసి మాట్లాడుకోండి.