రిపేరు ఎస్టిమేటులో న్యాయం

బ్రేకు నొక్కితే కారు కీచుమంటోంది. మెకానిక్ చూసి, ప్యాడ్లూ డిస్కులూ మార్చాలంటూ ఒక మొత్తం చెప్పాడు. అది న్యాయమైన ధరేనా? ఎలా తెలుసుకోవాలి?

దివ్య ఖుర్‌ఆన్‌లోని 83వ సూరా ‘ముతఫ్ఫిఫీన్’ కొలతల్లో తగ్గించేవారిని హెచ్చరిస్తుంది. 49వ సూరా ‘హుజురాత్’ అతిగా అనుమానించడం మానమంటుంది. కాబట్టి మనం మోసపోకూడదు, విచారించకుండా ఎదుటివాణ్ణి మోసగాడనీ అనకూడదు.

1. మొత్తాన్ని చూసి బేరమాడకండి. విడిభాగాల ధర, పని కూలి, పన్ను వేర్వేరుగా కాగితం మీద రాయించుకోండి.

2. అవసరం ఉందో లేదో చూడండి. ప్యాడ్ లైనింగు సుమారు 3 మిల్లీమీటర్లకు అరిగితే మార్చవలసిందే. డిస్కు కనీస మందం సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది. కొలిచి చూపమనండి.

3. ప్యాకెట్టు మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిపై మళ్లీ జి.ఎస్.టి. వేస్తే ఒప్పుకోకండి.

4. ఇంకా సందేహముంటే మరో షాపులో అడగండి. కారు కంపెనీ విడిభాగానికీ ఇతర కంపెనీల వాటికీ ధరలో తేడా ఉంటుంది, కనుక ఒకే రకాన్ని పోల్చండి.

5. మార్చిన పాత భాగాలను చూపమనండి.

లెక్క సరిగా ఉందని తేలాక కూలి తగ్గించమని పీడించకండి. పని పూర్తయ్యాక డబ్బు కోసం తిప్పించుకోకండి. అతని శ్రమకూ పనితనానికీ తగిన ప్రతిఫలం అతని హక్కు. తూకంలో తగ్గించేది అమ్మేవాడొక్కడే కాదు, కూలి ఎగ్గొట్టే కొనుగోలుదారుడు కూడా.